పర్లాకిమిడిలో సూర్యఘర్ సోలార్: మీటరు నాన్నగారి పేరు మీద ఉంటే సబ్సిడీ వస్తుందా?

మహేంద్రతనయ:
మాది ఒడిశాలోని పర్లాకిమిడి, శ్లాబు ఇల్లు. నెలకి 160–180 యూనిట్లు కాలుతోంది. ఇంటి పైకప్పు సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టిద్దామనుకుంటున్నాం. మీటరు కాలం చేసిన నాన్నగారి పేరు మీదే ఉంది. ఆధార్, బ్యాంకు ఖాతా నావి. ఇలాగే అప్లై చేసెయ్యొచ్చా? పక్కనే ఆంధ్రలోని పాతపట్నంలో ఒకాయన తక్కువకి బిగిస్తానంటున్నారు.

మీటర్‌బాక్స్:
ఇలాగే చెయ్యకండి, డబ్బు పడే దగ్గర ఆగిపోతుంది. ముందు మీటరు మీ పేరుకి మార్పించండి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న కాగితం పట్టుకుని కరెంటాఫీసుకి వెళ్లండి. పాత బకాయి ఉంటే కట్టేసి వెళ్లాలి.

మనవాళ్లకి ఇంకో చిక్కుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకులో పూర్తిగా ఉంటుంది, బిల్లులో ఒడియా పలుకుబడిని బట్టి మరో స్పెల్లింగు. మూడూ ఒకేలా ఉన్నాకే పథకం పోర్టల్‌లోకి వెళ్లి అప్లై చెయ్యండి. అందులో ఇవ్వాల్సినవి: రాష్ట్రం ఒడిశా, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) టీపీ సదరన్, బిల్లు మీది కన్స్యూమర్ నంబరు. 10 కిలోవాట్ల లోపు కాబట్టి ఫీజిబిలిటీ (మీ లైనుకి సోలార్ కలపొచ్చన్న డిస్కం ఆమోదం) కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఎండపొద్దు:
మీ వాడకానికి 2 కిలోవాట్లు చాలు. ఒక కిలోవాటు రోజుకి సుమారు 4 యూనిట్లిస్తుంది, అంటే రెండింటికి నెలకి 240 దాకా. వానాకాలం తగ్గినా సరిపోతుంది. కేంద్రం 2 కిలోవాట్లకి 60,000, మూడింటికి 78,000 ఇస్తుంది. ఒడిశా ప్రభుత్వం దానిపైన 50,000, 60,000. అంటే మూడో కిలోవాటుకి అదనంగా వచ్చేది 28,000 మాత్రమే. ఏసీ కొనే ఆలోచన ఉంటే అప్పుడు మూడు పెట్టించండి.

ఇక పాతపట్నం ఆయన సంగతి: పోర్టల్‌లో మీ డిస్కం కింద కనబడే వెండర్ల జాబితాలో ఆయన పేరుంటేనే. లేకపోతే ఎంత తక్కువకి చేసినా సబ్సిడీ రాదు. "సబ్సిడీ మేమే తీసుకుంటాం, మిగతాది ఇవ్వండి" అంటే వద్దనండి. అది నెట్ మీటరు (తీసుకున్న కరెంటూ, బయటికి పంపిన కరెంటూ లెక్కించేది) పెట్టి, తనిఖీ అయ్యాక నేరుగా మీ ఖాతాలోనే పడాలి.

మీటర్‌బాక్స్:
ప్యానెళ్లు దేశంలో చేసిన సెల్స్‌వే, అంటే డీసీఆర్‌వే కావాలి. పైకెక్కించక ముందే వెనక స్టిక్కరు మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి, బిగించాక అవి చదవడం కష్టం. 2018లో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాని ఎలా కొట్టిందో తెలిసిందే, కాబట్టి ప్యానెళ్ల స్టాండు కాళ్లని ఊరికే ఇటుకల బరువు మీద నిలబెట్టనివ్వకండి. జీఐ (జింకు పూత ఇనుము) స్ట్రక్చరు, శ్లాబులోకి యాంకర్ బోల్టులు, చుట్టూ కాంక్రీటు దిమ్మ, రంధ్రాల దగ్గర వాటర్‌ప్రూఫింగ్, ఇవన్నీ కొటేషన్‌లోనే రాయించండి. కొబ్బరిచెట్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది.

మహేంద్రతనయ:
చాలా థాంక్స్ అండీ. కరెంటు పోయినప్పుడు పగలు ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతాయా?

ఎండపొద్దు:
తిరగవండీ. లైన్‌మన్‌కి ప్రమాదం లేకుండా ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుతో కలిసి నడిచే) సోలార్ ఇన్వర్టర్ దానంతట అదే ఆగిపోతుంది. కోతల్లోనూ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. బ్యాటరీకి సబ్సిడీ లేదు. ఇంట్లో ఇప్పటికే కోతల కోసం బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దాన్నే ఉంచుకోండి.