550 మాడిసన్ అవెన్యూ: ఆ గ్రానైట్ బరువు మోస్తుందా?

ప్రశ్న: న్యూయార్క్‌లో 550 మాడిసన్ అవెన్యూలో ఉన్న, ఒకప్పటి ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ భవనం పాతకాలపు రాతి కట్టడంలా ఉంటుంది. ఆ గులాబీ గ్రానైట్ నిజంగా బరువు మోస్తుందా? ఇలాంటి తొడుగు ఎక్కడ దెబ్బతింటుంది?

జవాబు 1: మోయదండి. 1984లో పూర్తయిన ఆ 37 అంతస్తులను నిలబెట్టేది ఉక్కు చట్రమే. లోతు, నీడ కనిపించాలని దాని వాస్తుశిల్పులు ఫిలిప్ జాన్సన్, జాన్ బర్జీ మందపాటి రాయి ఎంచుకున్నారు. ఆ అదనపు బరువుకు ఉక్కూ ఎక్కువే పట్టింది. స్తంభానికి పీఠం, కాండం, బోదిక (పైభాగం) ఉన్నట్టే దీనికీ మూడు భాగాలు. అందరూ పైనున్న, నడుమ విరిగినట్టు కట్టిన త్రికోణ శిఖరం గురించే మాట్లాడతారు. అసలు గొప్పతనం కింది ఎత్తైన కమానులో ఉంది.

జవాబు 2: దెబ్బతినేది ఎక్కువగా జాయింట్ల దగ్గరే, అంటే రాతి పలకల మధ్య సందుల్లోనే. రాతి బరువును ఉక్కు యాంగిల్స్ (L ఆకారపు పట్టీలు) మీద దించాక, ప్రతి యాంగిల్ కింద నొక్కుకుపోగల మెత్తటి జాయింటు వదలాలి. అక్కడ సిమెంటు నింపితే, దూలం వంగినప్పుడు బరువంతా కింది పలక మీద పడి అంచులు పెచ్చులూడతాయి. కదలిక 4 మి.మీ. అనుకుంటే, 50 శాతం కదలికను తట్టుకునే సీలెంట్‌కు (జాయింటులో నింపే సాగే పదార్థానికి) 8 మి.మీ. వెడల్పు కావాలి. బిగింపులో వచ్చే తేడాలకు మరో 3 మి.మీ. కలపండి. రాయిని పట్టి ఉంచే కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడాలి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే రాయి పగులుతుంది.

జవాబు 3: సీలెంట్‌ను ముందు అదే రాతి ముక్క మీద పరీక్షించండి. కొన్ని సిలికాన్ రకాల నుంచి నూనె ఊరి, అంచుల వెంట నల్లటి మరక పడుతుంది. అది కడిగినా పోదు.