మామగారి 70వ పుట్టినరోజు టూరు: ఏడు రోజుల్లో మూడు రోజులే ఉంటానంటే తప్పా?

రెండో కోడలు:
వచ్చే నెల మా మామగారికి 70 నిండుతాయి. అత్తగారూ బావగారూ కలిసి ఏడు రోజుల టూరు ఖాయం చేశారు. మొత్తం పన్నెండు మందిమి. అత్తమామలు, బావగారి వాళ్లు నలుగురు, ఆడపడుచు వాళ్లు ముగ్గురు, మా ఆయన, నేను, రెండేళ్ల పాప. వెళ్లేది కొండ మీది ఊరికి, 3,000 మీటర్ల పైన ఉంటుందట. అక్కడికి నేరుగా విమానంలోనే దిగుతాం. ఫ్యామిలీ గ్రూపులో తేదీలు పెట్టి, "అందరికీ ఓకేనా" అని అడిగినట్టే అడిగి, పది నిమిషాల్లో టికెట్లు బుక్ చేసేశారు.

నాకు ఈ ఏడాదికి మిగిలినవి తొమ్మిది లీవులు. పాపకి జ్వరమొస్తే లీవు పెట్టేది నేనే (అది ఇంకో చర్చ, ఇప్పుడొద్దు). పుట్టినరోజు రెండో రోజే వస్తోంది కదా, అది చూసుకుని మూడో రోజు సాయంత్రం నేనూ పాపా వెనక్కొచ్చేస్తాం, మా ఆయన ఏడు రోజులూ ఉంటారు అన్నాను. అంతే, ఇంట్లో మాటల్లేవు. అత్తగారు నన్నేమీ అనలేదు. మా ఆయనతో మాత్రం "తనకి మనవాళ్లంటే లెక్కలేదు" అన్నారట. నాది నిజంగా తప్పేనా? సూటిగా చెప్పండి, ఏమీ అనుకోను.

మాటకారి:
సూటిగా అడిగారు కాబట్టి చెబుతున్నా. తప్పే. డెబ్బయ్యో పుట్టినరోజు ఆయనకి మళ్లీ రాదు, లీవులు జనవరిలో మళ్లీ వస్తాయి. ఇదే మీ నాన్నగారి టూరైతే తొమ్మిదీ పెట్టేసేవారు కాదూ? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

రెండో కోడలు:
చెయ్యేసుకునే చెబుతున్నా. మా నాన్న 60వ పుట్టినరోజుకి శని, ఆదివారాలు చూసుకుని వెళ్లొచ్చాను. ఒక్క లీవు కూడా పెట్టలేదు.

పెద్దల్లుడు:
మా అత్తగారి 60వ పుట్టినరోజు టూరు నాలుగు రోజులు. నేను రెండో రోజు రాత్రే బయల్దేరి వచ్చేశాను. "పాపం, పని ఒత్తిడి" అన్నారు. పైగా నా బ్యాగు వాళ్లే సర్ది, కారు దాకా మోసుకొచ్చారు. అల్లుడు వెళ్లిపోతే పని ఒత్తిడి, కోడలు వెళ్లిపోతే లెక్కలేనితనం. మాటకారి గారూ, దీని మీద కూడా సూటిగా ఓ మాట చెప్పండి.

ఇంకోటి. డబ్బు సంగతి రాయలేదు మీరు. మూడు ఇళ్లూ సమానంగా పెట్టుకుంటున్నాయా, తలకింతా? మా ఇంట్లో గొడవ మొదలైంది రోజుల దగ్గర కాదు, అక్కడే.

రెండో కోడలు:
మూడు ఇళ్లూ సమానంగా. అత్తమామల ఖర్చు ముగ్గురికీ పంపకం. ముందొచ్చేసినా మా వాటా పూర్తిగా ఇస్తామని చెప్పేశాం. డబ్బుతో పేచీ లేదు.

అన్నీ చూసుకునేది:
నేను మీ బావగారి సీట్లో కూర్చున్న మనిషిని. పోయినేడు మావాళ్లు పద్నాలుగు మందిని తీసుకెళ్లాను. ఎవరికి మెట్లు పడవు, ఎవరి గురక ఎవరికి పడదు, ఎవరి ఇన్సులిన్ చేతిబ్యాగులోనే ఉండాలి (కింద సామాన్లలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు, ఈ సంగతి పెద్దవాళ్లకి పదిసార్లు చెప్పాలి), పిల్లలు ఏ కారులో ఎక్కితే ఏడవరు... ఇదంతా నా ఫోనులో ఒక పెద్ద పట్టీ. అందులోంచి ఒకరు మధ్యలో వెళ్తామంటే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. అయినా సర్దుకోవచ్చు. టికెట్లు తీసుకున్నాక చెప్పారే, అదే మింగుడుపడదు. మూడు రోజులుండటం తప్పు కాదు. ఆ గ్రూపులో అప్పుడే ఒక్క ముక్క రాయకపోవడం తప్పు.

రెండో కోడలు:
ఆ పది నిమిషాలూ నేను పాపకి స్నానం చేయిస్తున్నానండీ.

అన్నీ చూసుకునేది:
సరే, ఈ ఒక్కదానికీ మీ వైపే. పది నిమిషాలు మరీ అన్యాయం. నేను రెండు రోజులిస్తాను.

కొండగాలి:
మీరంతా రోజుల లెక్కల్లో ఉన్నారు. నేను "3,000 మీటర్లు, నేరుగా విమానం" దగ్గరే ఆగిపోయాను. పదిహేనేళ్లుగా కొండలెక్కుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు ఎవరికైనా రావచ్చు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, నాలుగడుగులకే ఆయాసం. దిగగానే ఏమీ తెలియదు, అదే మోసం. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. అంటే మీకు సరిగ్గా మొదటి రోజు రాత్రి. తెల్లారితే పుట్టినరోజు. పన్నెండు మందిలో నలుగురైదుగురు తల పట్టుకుని పడుకున్నా నేను ఆశ్చర్యపోను. మొదటి రెండు రోజులు ఒంటిని అలవాటు చేసుకోవడానికే పోతాయి, పోనివ్వాలి కూడా. మీ మూడు రోజుల ప్లాను ప్రకారం మీరు చూసేది రూము పైకప్పు. ఒళ్లు కుదుటపడి అందరూ బయటికెళ్లే రోజుకి మీరు విమానంలో ఉంటారు.

3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పైకి పోకుండా ఆగాలి. వయసు ఒక్కటే భయపడాల్సిన సంగతి కాదు. పాతికేళ్ల కుర్రాడు కూలబడితే పక్కనే తాతగారు హాయిగా నడవడం చూశాను. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే మాత్రం డాక్టరుని అడగకుండా కదలొద్దు. కొందరికి ఎత్తు జబ్బు రాకుండా ముందుగా అసిటజోలమైడ్ అనే మాత్ర రాస్తారు, ఎవరో చెప్పారని కొనుక్కుని వేసుకునే మాత్ర కాదది. మీ పాపకి తలనొప్పి అని చెప్పడం రాదు. ఊరికే చిరాకు పడినా, తిండి మానేసినా, వాంతి చేసుకున్నా ఎత్తునే అనుమానించాలి. ఎవరికైనా ముదురుతుంటే కిందికి దిగడమే మందు.

రెండో కోడలు:
మామగారికి బీపీ ఉంది. ఐదేళ్ల క్రితం గుండెకి స్టెంట్ వేశారు. ఈ కోణంలో ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు, నాతో సహా.

మాటకారి:
చూశారా, ఎంత తేలిగ్గా దొరికిందో సాకు! నిన్న లీవులు, ఇవాళ ఎత్తు. రేపు వాన అంటారు.

కొండగాలి:
స్టెంట్ ఉన్న మనిషిని నేరుగా 3,000 మీటర్ల మీద దించడం సాకు ఎలా అయిందో నాకర్థం కాలేదు. ఈ ముక్క అన్నది ఆవిడ కాదు, నేను. తిట్టేదేదో నన్ను తిట్టండి.

డెబ్బై రెండు:
నేను ఇలాంటి చోట్ల చదివి ఊరుకుంటాను, రాయను. రెండేళ్ల క్రితం నా 70కి పిల్లలు ఐదు రోజులు తిప్పారు. ఏం చూశామో ఫోటోలు తీస్తే గాని గుర్తురాదు. గుర్తున్నది ఒక్కటే. నాలుగో రోజు నీరసంగా ఉందని అబద్ధమాడి రూములో ఉండిపోయాను. ఆఫీసు కాల్ ఉందని చిన్నకోడలు కూడా ఆగిపోయింది. నిజంగా ఉందో లేదో నేనడగలేదు. బాల్కనీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌తో, నేను పేపరుతో. గంటన్నర సేపు ఒక్క మాట లేదు. పేపరు గాలికి ఎగురుతుంటే చూసి, తన చెప్పు ఒకటి తీసి దాని మీద పెట్టింది.

మీ మామగారి పుట్టినరోజు మీద ఇంతమందిమి వాదించుకుంటున్నాం. ఆయన మాట మాత్రం ఇందులో ఒక్కటీ లేదు. ఆయన్ని ఎవరైనా అడిగారా అమ్మా?

పెద్దల్లుడు:
సర్‌ప్రైజ్ టూరేమో?

రెండో కోడలు:
కాదు, ఆయనకి తెలుసు. అత్తగారు చెప్పారు, ఆయన సరే అన్నారు. ఆయన అన్నిటికీ సరే అంటారు.

రెండో కోడలు (మూడు రోజుల తర్వాత):
అడిగాను. రాత్రి మాత్రల డబ్బా ముందేసుకుని వారానికి సరిపడా గళ్లలో సర్దుకుంటున్నారు. మీకు ఈ టూరు ఇష్టమేనా మామయ్యగారూ అన్నాను. బుధవారం గడి మూసి, అద్దాలు పైకి తోసుకుని, "మీ అత్తయ్యకి ఆ కొండలు చూడాలని పెళ్లయిన కొత్తలోనే కోరికమ్మా. ఎప్పటికప్పుడు ఏదో ఒకటి అడ్డం. తన పేరు మీద అడిగితే పిల్లలు వచ్చే ఏడు చూద్దాం అంటారని నా పుట్టినరోజు ముందుకు తోసింది" అన్నారు. మరి మీ గుండె సంగతో అంటే, శుక్రవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నారు. అత్తయ్యకి చెప్పకు, భయపడి అంతా రద్దు చేసేస్తుంది అని కూడా అన్నారు.

ఇప్పుడు నేనేం చెయ్యాలో ఇంకా తెలియట్లేదు. మా ఆయనతో చెప్పాను. దారిలో 1,800 మీటర్ల దగ్గర రెండు రాత్రులు ఆగి రోడ్డు మీద వెళ్దామని ఆయన బావగారితో మాట్లాడుతున్నారు. అలా చేస్తే టూరు ఏడు కాదు, తొమ్మిది రోజులు. నాకున్నవీ తొమ్మిదే.

అన్నీ చూసుకునేది:
ఆ మాట అత్తగారికి చెప్పాల్సిందే అని నా అభిప్రాయం. డాక్టరు ఏమన్నా సరే. డాక్టరు సంగతి ఆవిడ దగ్గర దాచి ఆయన్ని కొండెక్కిస్తే, పైన ఏదైనా జరిగినప్పుడు ముందు తెలిసింది మీకేనని బయటపడుతుంది. అప్పుడు మూడు రోజులు, ఏడు రోజులు ఎవరికీ గుర్తుండవు.

డెబ్బై రెండు:
నేను ఒప్పుకోను. తన ఒంటి సంగతి భార్యకి ఎప్పుడు చెప్పుకోవాలో ఆయనకి తెలుసు. శుక్రవారం దాకా ఆగనివ్వండి.

మాటకారి:
అవన్నీ సరే. మూడా, ఏడా, తొమ్మిదా?

రెండో కోడలు:
ఇవాళ అత్తగారు మాట్లాడారు. అక్కడ చలి ఎక్కువట, పాపకి స్వెట్టర్ అల్లాలి, చెయ్యి కొలత చెప్పు అన్నారు. పడుకున్న పిల్ల చెయ్యి మెల్లగా లాగి టేపు పెట్టి చెప్పాను. ఎన్ని రోజులుంటావని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.