నియామకంలో తప్పు జరిగిందని మా కార్యవర్గం ఒప్పుకుంది. అభ్యర్థులకు ఎలా జవాబు చెప్పాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. రాయలసీమలో బడి మానేసిన పిల్లల చదువు కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ కార్యవర్గంలో ఇటీవల సభ్యురాలిగా చేరాను. నేను చేరకముందే సంస్థ ఇద్దరు మండల సమన్వయకర్తల కోసం ప్రకటన ఇచ్చి, వడపోతలో నిలిచిన అభ్యర్థులను తలా ఒక గ్రామానికి వెళ్ళి అక్కడి బడి పరిస్థితి మీద ప్రణాళిక రాసి తెమ్మని అడిగింది. ఆ పనికి బస్సు ఛార్జీలు కూడా ఇవ్వలేదు. పైగా ఆ ప్రణాళికల్లోని కొన్ని భాగాలు తరువాత ఒక దాత సంస్థకు పంపిన ప్రతిపాదనలో దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా చేరాయి. ఇంటర్వ్యూ కమిటీలోని ముగ్గురిలో ఒకరి మేనకోడలు కూడా అభ్యర్థే. ఆమె వంతు వచ్చినప్పుడు ఆయన గది బయట కూర్చున్నారు గాని, మిగిలిన అందరికీ మార్కులు వేశారు. ఎంపికైన ఇద్దరిలో ఆమె ఒకరు. ఎంపిక కానివారిలో చాలామందికి ఆ సంగతి తెలియజేయనే లేదు.

ఒక అభ్యర్థి ఉత్తరం రాయడంతో విషయం కార్యవర్గం ముందుకు వచ్చింది. పద్ధతి తప్పని సభ్యులందరూ అంగీకరించారు. ఆ తరువాతే అభిప్రాయ భేదాలు మొదలయ్యాయి. ఇకముందు జాగ్రత్తగా ఉంటే చాలునని కొందరు, ఎంపిక మొత్తాన్ని రద్దు చేయాలని కొందరు, దాతలకు తెలిస్తే నిధులు ఆగిపోతాయని మరికొందరు అంటున్నారు. ఒప్పుకోవడం అంటే ఆచరణలో ఏం చేయాలి? ముందుగా ఎవరికి చెప్పాలి? ఉద్యోగంలో చేరిపోయిన అమ్మాయి సంగతి ఏమిటి?

మొదటి జవాబు (హైదరాబాద్, న్యాయవాది)

ఆయన గది బయటికి వెళ్ళారు కదా, ఇంకా తప్పేముందని మీ సమావేశంలో ఎవరో ఒకరు తప్పక అంటారు కనుక ముందుగా ఆ వాదన గురించే రాస్తున్నాను. 1969లో క్రైపాక్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది ఇటువంటి ప్రశ్నే. జమ్మూ కశ్మీర్ నుంచి భారత అటవీ సర్వీసుకు అధికారులను ఎంపిక చేసిన బోర్డులో, తానే అభ్యర్థి అయిన ఒక అధికారి సభ్యుడిగా ఉన్నారు. తన పేరు పరిశీలనకు వచ్చినప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నా, పోటీదారుల పేర్లు చర్చకు వచ్చినప్పుడు కూర్చున్నారు. కోర్టు ఆ ఎంపికను కొట్టివేసింది. పక్షపాతం నిజంగా జరిగిందా లేదా అని కాక, జరిగే అవకాశం సహేతుకంగా ఉందా అని చూడాలన్నది ఆ తీర్పులోని సారం.

1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో ఇదే విషయం ఇంకా స్పష్టంగా చెప్పారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాజ్యాంగబద్ధ సంస్థ కాబట్టి, దాని సభ్యుడు తన బంధువు ఇంటర్వ్యూ నుంచి తప్పుకుంటే సరిపోతుందని, మామూలు ఎంపిక కమిటీలో మాత్రం దగ్గరి బంధువు అభ్యర్థి అయితే ఆ సభ్యుడు మొత్తం ప్రక్రియ నుంచే వైదొలగాలని కోర్టు వివరించింది. ఒకరికి మార్కులు వేయకపోయినా, ఆ ఒకరితో పోటీ పడుతున్న వారందరికీ మార్కులు వేసే అధికారం చేతిలో ఉంటుంది కదా.

ఈ తీర్పులు ప్రభుత్వ నియామకాలకు సంబంధించినవి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంస్థ మీద అవి నేరుగా వర్తించాలని లేదు. అయినా న్యాయమైన ఎంపిక ఎలా ఉండాలో కొలిచేందుకు ఇంతకంటే మంచి ప్రమాణం మీకు దొరకదు. మరో మాట: ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు కూడా సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని 2019లో డీ.ఏ.వీ. కళాశాల ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ నిధుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానివే అయితే, ఆ మార్కుల పట్టికను ఎవరైనా అడగవచ్చు.

రెండవ జవాబు (విశాఖపట్నం, స్వచ్ఛంద సంస్థల్లో నియామకాల బాధ్యత చూసేవారు)

న్యాయవాది గారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. అయితే మీరు ముందుగా జవాబు చెప్పవలసినది దాతలకూ కాదు, కోర్టుకూ కాదు. సొంత ఖర్చుతో ఊళ్ళు తిరిగి ప్రణాళికలు రాసిచ్చిన ఆ అభ్యర్థులకు. వారిలో ఏ ఒక్కరికైనా ఈ సంగతి మరొకరి నోటి ద్వారా తెలిస్తే, ఆ తరువాత మీరు ఎంత మంచి మాటలు రాసినా అవి భయంతో రాసినవిగానే కనిపిస్తాయి.

అందరికీ ఒకే ప్రకటన పంపకండి. ఒక్కొక్కరి పేరుతో ఉత్తరం వెళ్ళాలి. "కొన్ని లోపాలు దొర్లాయి, చింతిస్తున్నాము" అనే వాక్యంలో లోపం చేసినవారు ఎవరూ ఉండరు. దాని బదులు, కమిటీ సభ్యుడి బంధువు అభ్యర్థిగా ఉన్న సంగతి మాకు తెలిసి కూడా ఆయనను కమిటీలో కొనసాగించాము, మీ ప్రణాళికను మీ అనుమతి లేకుండా ప్రతిపాదనలో వాడుకున్నాము, ఎంపిక కాలేదన్న కబురైనా మీకు పంపలేదు అని కర్తతో సహా రాయండి. ఎవరి ప్రణాళికలోని ఏ భాగాన్ని వాడుకున్నారో వారికి రాసే ఉత్తరంలో అది విడిగా ఉండాలి.

తరువాతిది డబ్బు. ఇక్కడే సంస్థలు వెనక్కి తగ్గుతాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత ఆ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు ఆ పరిమితి 50 శాతం. చిన్న సంస్థలకు ఇది నిజంగానే కష్టమని నాకు తెలుసు. కానీ ఆ కష్టాన్ని ఉద్యోగం లేని యువతీయువకుల జేబు మీదికి నెట్టడం అన్యాయం. ప్రణాళిక రాసిన ప్రతి ఒక్కరికీ, వారు ఎంపికైనా కాకపోయినా, మీ క్షేత్ర సిబ్బందికి ఇచ్చే దినసరి లెక్కన ఆ పని దినాలకు చెల్లించండి, ప్రయాణ ఖర్చు విడిగా ఇవ్వండి. దాత సంస్థకు కూడా ఆ భాగాలు ఎవరు రాసినవో తెలియజేసి ప్రతిపాదనను సరిదిద్దండి. నిధులు ఆగుతాయన్న భయం సహజమే గాని, దాతకు ఈ విషయం మీ నుంచి కాక, అలిగిన అభ్యర్థి నుంచి తెలిస్తే కలిగే నష్టం అంతకంటే పెద్దది.

మూడవ జవాబు (వరంగల్)

నేను తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగాల అభ్యర్థిని. రద్దు చేయాలంటున్న సభ్యులకు ఒక్క మాట చెప్పాలనిపించింది. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్‌ను ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టిన పరీక్షను బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ పోయి కొత్తది వచ్చింది. రద్దు న్యాయమే అయినా, దాని భారం మోసింది ఏ తప్పూ చేయని మాలాంటి వాళ్ళం: గది అద్దెలు, కోచింగ్ ఫీజులు, ఇంట్లో వాళ్ళకు చెప్పుకోలేని సమాధానాలు. మీరు మళ్ళీ ఎంపిక జరిపితే, పాత అభ్యర్థులను కొత్త పరీక్షలతో అలసిపెట్టకండి. అప్పుడు రాసిన ప్రణాళికలనే, పేర్లు తీసేసి, బయటివారితో దిద్దించండి. రాలేనివారికి ఫోన్‌లోనే ఇంటర్వ్యూ చేయండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. పేర్లు తీసేసి దిద్దించాలన్న సూచనను సమావేశంలో పెడతాను. ఉద్యోగంలో చేరిన అమ్మాయి గురించే ఇంకా తేలడం లేదు. ఆమె బాగా పనిచేస్తోందని గ్రామాల నుంచి వినబడుతోంది. ఇప్పటికే ఆఫీసులో ఆమెతో మాట్లాడేవారు తగ్గారు.

రెండవ జవాబు ఇచ్చినవారి స్పందన

కమిటీలో ఎవరు కూర్చోవాలో ఆ అమ్మాయి నిర్ణయించలేదు, నిర్ణయించినది సంస్థ. ఉత్తరాలు వెళ్ళకముందే అధ్యక్షులు ఆమెను పిలిచి ఈ మాట స్పష్టంగా చెప్పాలి, సిబ్బంది సమావేశంలో కూడా చెప్పాలి. ఎంపికను తిరిగి జరిపితే ఆమె అందరితో పాటు సమానంగా పాల్గొనాలి, ఫలితం వచ్చేవరకు జీతంతో కొనసాగాలి. ఆమె స్థానం మరొకరికి వస్తే, మరో పని వెతుక్కునేందుకు కనీసం 2 నెలల జీతం ఇవ్వండి. ఆ మేనమామ గారు మాత్రం ఇకపై ఏ నియామక కమిటీలోనూ ఉండకూడదని తీర్మానం రాసి, మినిట్స్ పుస్తకంలో ఆయన సంతకం కూడా తీసుకోండి. ఇక మొదట ఉత్తరం రాసిన అభ్యర్థికి అధ్యక్షులు స్వయంగా ఫోన్ చేసి, మీరు అడగకపోతే ఇది మా దృష్టికి వచ్చేది కాదని చెప్పి, ఆ తరువాతే మిగిలిన ఉత్తరాలు పోస్టు చేయండి.