ఒకే సీజన్‌లో మూడు కప్పులు గెలవడం నిజంగా అంత కష్టమా?

బెజవాడ_బ్యాక్‌పాస్

నేను ఫుట్‌బాల్ సీరియస్‌గా చూడటం మొదలుపెట్టి రెండేళ్లే అయింది, అందుకే ఇక్కడి సీనియర్లని అడుగుతున్నా. 2025 మే 31 శనివారం అర్ధరాత్రి పన్నెండున్నరకి మ్యూనిక్‌లో జరిగిన యూరోపియన్ కప్ (ఇప్పటి పేరు చాంపియన్స్ లీగ్) ఫైనల్ చూశాం, హాస్టల్ గదిలో స్టీల్ గ్లాసుకి ఫోన్ ఆనించి, ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో, ఇంకోటి మా రూమ్మేట్ చెవిలో. పారిస్ క్లబ్బు పీఎస్‌జీ 5, ఇటలీ క్లబ్బు ఇంటర్ 0. ఇరవై నిమిషాలకే రెండు గోల్స్ పడ్డాయి, ఆ తర్వాత టెన్షన్ అన్నదే లేదు. ఫ్రెంచ్ లీగ్ చూస్తే ఆరు మ్యాచ్‌లు మిగిలుండగానే ఖాయం చేసుకున్నారు, ఫ్రెంచ్ కప్ ఫైనల్లో రీమ్స్‌ని 3-0తో కొట్టారు.

మా రూమ్మేట్ ఏమంటాడంటే, సొంత దేశంలో లీగ్, సొంత దేశంలో కప్, యూరోపియన్ కప్, ఈ మూడూ ఒకే సీజన్‌లో (దీన్నే ట్రెబుల్ అంటారట) గెలిచిన క్లబ్బులు యూరప్ మొత్తంలో తొమ్మిదే అట, అదీ పదకొండు సార్లేనట. యూరోపియన్ కప్ 15 సార్లు ఎత్తిన రియల్ మాడ్రిడ్‌కి ఇది ఒక్కసారి కూడా కుదరలేదట. నిజమేనా? ఐదు గోల్స్ తేడాతో గెలిచిన జట్టుని చూశాక నాకు ఇది అంత కష్టమైన పనిలా అనిపించలేదు. డబ్బున్న క్లబ్బులు బోలెడు ఉన్నాయి కదా, మరి ఎక్కడ ఆగిపోతున్నారు?

ఇంకో మాట. మ్యాచ్ అయ్యాక అభిమానులు ఒక పెద్ద బ్యానర్ విప్పారు, పీఎస్‌జీ కోచ్ లూయిస్ ఎన్రికే, ఆయన పాప జానా కలిసి మైదానంలో పీఎస్‌జీ జెండా పాతుతున్నట్టు. ఆ పాప 2019లో తొమ్మిదేళ్లకే చనిపోయిందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

నైట్‌షిఫ్ట్_అన్న

మీ రూమ్మేట్ చెప్పిన లెక్క కరెక్టే. సెల్టిక్, అయాక్స్, పీఎస్‌వీ, మాంచెస్టర్ యునైటెడ్, బార్సిలోనా, ఇంటర్, బాయర్న్, మాంచెస్టర్ సిటీ, ఇప్పుడు పీఎస్‌జీ. బార్సిలోనా, బాయర్న్ రెండేసి సార్లు. రియల్ మాడ్రిడ్ మాటే కాదు తమ్ముడూ, ఏడు యూరోపియన్ కప్పులున్న మిలాన్‌కి లేదు, ఆరున్న లివర్‌పూల్‌కి కూడా లేదు.

కానీ ఫైనల్ ఒక్కటి చూసి సీజన్ మొత్తాన్ని అంచనా వెయ్యకు. ఇదే పీఎస్‌జీ జనవరి 22న సిటీతో రెండో హాఫ్‌లో 2-0 వెనకబడి ఉంది. ఆ మ్యాచ్ పోతే అసలు ముందుకెళ్లడమే కష్టం అన్న పరిస్థితి, ఊరంతా అప్పటికే చేతులెత్తేసింది. అక్కణ్నుంచి 4-2తో గెలిచారు. అయినా లీగ్ దశలో దక్కింది పదిహేనో స్థానమే, అదనంగా ఒక ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది. తర్వాత లివర్‌పూల్‌తో సొంత గడ్డ మీద మ్యాచ్ మొత్తం తామే ఆడి చివర్లో ఒక్క గోల్ తిని 1-0తో ఓడిపోయారు, లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌కి వెళ్లి 1-0తో గెలిచి పెనాల్టీల దాకా లాగారు. అక్కడ పీఎస్‌జీ గోల్‌కీపర్ డొన్నరుమ్మా రెండు ఆపాడు. ఆ రెండిట్లో ఏది తేడా కొట్టినా నువ్వు మ్యూనిక్‌లో వేరే జట్టుని చూసేవాడివి. ట్రెబుల్ గెలిచిన ఏ జట్టునైనా తీసుకో, తెగిపోబోయి తెగని రాత్రి ఒకటి కచ్చితంగా దొరుకుతుంది. జనానికి గుర్తుండేది ఫైనల్ ఒక్కటే.

పద్నాలుగేప్రిల్_99

నైట్‌షిఫ్ట్ అన్న చెప్పిన ఆ రాత్రి గురించే నేను రాస్తా, పేరు పెట్టుకున్నదే అందుకు. 1999లో యునైటెడ్ అనగానే అందరూ బార్సిలోనాలో బాయర్న్ మీద చివర్లో కొట్టిన రెండు గోల్స్ గురించే మాట్లాడతారు. మాట్లాడాలి కూడా, కీన్, స్కోల్స్ ఇద్దరూ సస్పెండ్ అయి పక్కన కూర్చుంటే, బెంచ్ మీద నుంచి వచ్చిన షెరింగ్‌హామ్, సోల్‌షేర్ ఇంజురీ టైమ్‌లో చెరొకటి కొట్టారు. కానీ అసలు ప్రాణం పోయి వచ్చింది ఏప్రిల్ 14న, విల్లా పార్క్‌లో, ఆర్సెనల్‌తో ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ దేశవాళీ కప్) సెమీఫైనల్ రీప్లేలో.

మొదటి మ్యాచ్ 0-0, అందుకే రీప్లే. బెక్‌హామ్ ఒకటి కొట్టాడు, బెర్గ్‌కాంప్ సమం చేశాడు. కీన్‌కి రెడ్ కార్డ్, పది మంది మిగిలారు. తొంభై నిమిషాలు దాటాక ఆర్సెనల్‌కి పెనాల్టీ! కొట్టేది బెర్గ్‌కాంప్. ఒక్క తన్నుతో అయిపోవాలి. మన గోల్‌కీపర్ ష్మైకెల్ తన ఎడమ వైపుకి దూకి ఆపేశాడు. ఆపిన వెంటనే మనవాళ్లు వచ్చి హత్తుకోబోతే అందర్నీ నెట్టేశాడు, మ్యాచ్ ఇంకా అయిపోలేదు, కార్నర్ ఉంది అని. ఆ నెట్టడం చూడాలి మీరు, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఎక్స్‌ట్రా టైమ్‌లో అందరి కాళ్లూ పట్టేశాయి. ఆర్సెనల్ ఆటగాడు వియెరా ఇచ్చిన తప్పు పాస్ మన గిగ్స్‌కి దొరికింది, తన సగంలోనే. అక్కణ్నుంచి ఎవరికీ పాస్ ఇవ్వకుండా ఒకణ్ని, ఇంకొకణ్ని, మళ్లీ అదే మనిషిని దాటుకుంటూ పోయి గోల్‌కీపర్ సీమన్ తల మీదుగా నెట్ పైకప్పులోకి కొట్టాడు. ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్‌కి రీప్లే పెట్టడం అదే ఆఖరిసారి, తర్వాత ఆ పద్ధతే తీసేశారు.

వారం తర్వాత టూరిన్‌లో యువెంటస్ పదకొండు నిమిషాల్లో రెండు కొడితే 3-2తో గెలిచి వచ్చారు. లీగ్‌లో యునైటెడ్‌కి 79 పాయింట్లు, ఆర్సెనల్‌కి 78. ఒక్క పాయింట్ తేడా. మే 16న లీగ్, 22న కప్, 26న యూరప్. పదకొండు రోజుల్లో మూడూ.

క్లైడ్_ఒడ్డున

నేను ఉద్యోగం మీద గ్లాస్గో వచ్చి ఆరేళ్లయింది. సెల్టిక్ పార్క్ ముందు 1967 నాటి కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్ రెండు చేతులతో కప్పుని తల పైకెత్తి నిలబడ్డ విగ్రహం ఉంటుంది, మ్యాచ్ రోజున తాతలు మనవళ్లని దాని ముందు నిలబెట్టి ఫోటోలు తీస్తుంటారు. అందుకే అడుగుతున్నా, ఇంతసేపూ 1967 మాట ఎవరూ ఎత్తరేం?

ఆ ఏడాది సెల్టిక్ ఆడిన ప్రతి పోటీ గెలిచింది. స్కాటిష్ లీగ్, స్కాటిష్ కప్, లీగ్ కప్, గ్లాస్గో కప్, యూరోపియన్ కప్. బ్రిటన్ నుంచి యూరోపియన్ కప్ గెలిచిన మొదటి క్లబ్బు ఇదే. ఫైనల్లో ఆడిన పదకొండు మందీ స్టేడియానికి 30 మైళ్ల లోపల పుట్టినవాళ్లు. దూరం అర్థం కావాలంటే, తెనాలి, గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లతో టీమ్ కట్టి యూరప్ గెలిచి రావడం లాంటిది.

నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన ఆ రాత్రి వీళ్లకీ ఉంది. క్వార్టర్స్‌లో యుగోస్లావియా జట్టు వోయ్వోదినా చేతిలో అక్కడ 1-0తో ఓడారు. ఇక్కడ చాల్మర్స్ ఒకటి కొట్టి లెక్క సమం చేశాడు. అలాగే ముగిస్తే రోటర్‌డామ్‌లో మూడో మ్యాచ్ ఆడాలి. ఆఖరి నిమిషంలో కార్నర్, మెక్‌నీల్ హెడర్, గోల్. ఇక్కడి ముసలాయన ఒకరు నాకు ఫైనల్ కంటే ఈ హెడర్ గురించే ఎక్కువ చెబుతారు.

మే 25న లిస్బన్‌లో ఫైనల్. ఎదురుగా కోచ్ హెరేరా గారి ఇంటర్, గోడ కట్టినట్టు డిఫెన్స్. ఏడో నిమిషంలోనే పెనాల్టీతో మజ్జోలా ఒకటి కొట్టాడు, ఇక ఇంటర్ తలుపులు మూసేసింది. సెల్టిక్ కొడుతూనే ఉంది, రెండు సార్లు క్రాస్‌బార్‌కి తగిలింది, గోల్‌కీపర్ సార్తి ఒంటిచేత్తో జట్టుని నిలబెట్టాడు. గెమ్మెల్ దూరం నుంచి ఒక దెబ్బ, చివర్లో చాల్మర్స్ ఇంకోటి. 2-1. చాలామంది ఆటగాళ్లకి కట్టుడు పళ్లు, వాటిని గోల్‌కీపర్ సింప్సన్ టోపీలో పెట్టి గోల్ లోపల ఉంచారు, గెలిస్తే ఫోటోలకి పెట్టుకోవాలని. విజిల్ మోగగానే వాటికోసం పరిగెత్తారట.

మేనమామ_మిలితో

ఇంటర్ అభిమానిగా ఈ వారం నాకు తిండి సయించలేదు, అయినా మా రోజు గురించి చెప్పుకోకుండా ఉండలేను. 2010. ఇటలీ నుంచి ట్రెబుల్ గెలిచింది ఇప్పటికీ మేమొక్కళ్లమే.

మే 5న ఇటాలియన్ కప్ ఫైనల్, రోమా మీద 1-0, గోల్ డియేగో మిలితో. మే 16న లీగ్ తేలాల్సిన ఆఖరి రోజు, సియెనా మీద 1-0, గోల్ మిలితో. మే 22న మాడ్రిడ్‌లో బాయర్న్ మీద 2-0, రెండూ మిలితోవే. మూడు కప్పుల్నీ ఖాయం చేసిన గోల్స్ ఒకే మనిషి కాలి నుంచి వచ్చాయి.

మా గండం నవంబర్‌లోనే గడిచింది. గ్రూప్ దశలో కీవ్‌లో డైనమో 1-0తో ముందుంది, గోల్ షెవ్‌చెంకోది. 86వ నిమిషం దాకా అలాగే. ఓడితే దాదాపు ఇంటికే. మిలితో ఒకటి, మూడు నిమిషాల్లో స్నైడర్ ఇంకోటి. ఆ మూడు నిమిషాలు లేకపోతే మా కోచ్ మౌరీనియో గురించి, సెమీస్‌లో బార్సిలోనాని వాళ్ల గడ్డ మీద గంటకి పైగా పది మందితో అడ్డుకున్న రోజు గురించి చెప్పుకునేవాళ్లే ఉండరు.

లెక్కల_మాస్టారు_కాదు

అందరివీ చదివాను, బాగున్నాయి, కానీ ఇది మొత్తం అదృష్టం కథలా మారిపోతోంది. ఒకసారి సంవత్సరాలు చూడండి. యూరోపియన్ కప్ 1955-56లో మొదలైంది. అప్పట్నుంచి 1998 దాకా 43 సీజన్లలో ట్రెబుల్ మూడు సార్లే. 2009 నుంచి 2025 దాకా 17 సీజన్లలో ఏడు సార్లు. ఒక్కసారిగా అందరూ నక్క తోక తొక్కారా? మంచి ఆటగాళ్లు కొన్ని క్లబ్బుల్లోకే చేరిపోయారు, బెంచ్ మీద కూర్చున్నవాళ్లు కూడా ఇంకో క్లబ్బులో స్టార్లు. బుధవారం యూరప్, శనివారం లీగ్, మళ్లీ మంగళవారం కప్, దీన్ని లాగాలంటే జట్టులో ఇరవై మంది ఒకే స్థాయిలో ఉండాలి. 2020 బాయర్న్ చాంపియన్స్ లీగ్‌లో ఆడిన పదకొండు మ్యాచ్‌లూ గెలిచింది, బార్సిలోనాకి 8-2 వడ్డించింది. అందులో ఏ గండం ఉంది?

నైట్‌షిఫ్ట్_అన్న

2020 విషయంలో ఒప్పుకుంటా, ఆ బాయర్న్‌కి ఎదురే లేదు. కాకపోతే ఆ ఏడాది కోవిడ్ వల్ల క్వార్టర్స్ నుంచి అన్నీ లిస్బన్‌లో ఖాళీ స్టేడియంలో, రెండేసి మ్యాచ్‌లు కాకుండా ఒక్కో మ్యాచే. దాన్ని తక్కువ చెయ్యను, నెలల తరబడి ఆట ఆగి మళ్లీ మొదలెట్టి అలా ఆడటం మామూలు సంగతి కాదు.

కానీ డబ్బు, బెంచ్ ఉంటే సరిపోదని చెప్పడానికి అదే జర్మనీ చాలు. 2012లో బాయర్న్‌కి మూడూ చేతికందాయి, నోటికందలేదు. లీగ్‌లో రెండో స్థానం, జర్మన్ కప్ ఫైనల్లో డోర్ట్‌ముండ్ చేతిలో 5-2, సొంత స్టేడియంలో చెల్సీతో యూరప్ ఫైనల్ పెనాల్టీల్లో పోయాయి. మరుసటి ఏడాది దాదాపు అదే జట్టు, అదే కోచ్ హైంకెస్, మూడూ గెలిచారు. పదేళ్ల ముందు, 2002లో లెవర్‌కుసెన్‌కీ మూడూ పోయాయి, లీగ్ ఒక్క పాయింట్ తేడాతో. వాళ్లకి మాత్రం మరుసటి ఏడాది అలాంటి అవకాశం మళ్లీ రాలేదు, స్టార్ ఆటగాడు బల్లాక్ బాయర్న్‌కి వెళ్లిపోయాడు. 2022లో లివర్‌పూల్ సీజన్‌లో ఆడగలిగిన మ్యాచ్‌లన్నీ ఆడింది, మొత్తం 63. రెండు ఇంగ్లీష్ కప్పులూ గెలిచింది. లీగ్ 92 పాయింట్లతో పోయింది, సిటీకి 93. యూరప్ ఫైనల్ 1-0తో పోయింది. ఆ జట్టుకి ఏం తక్కువైందో చెప్పమంటే నేను చెప్పలేను.

పాతబస్తీ_పాతబంతి

పిల్లలూ, యూరప్ అంతా తిరిగొచ్చారు, మన ఊరి దాకా కూడా రండి. మన దేశంలో 1996 దాకా జాతీయ లీగ్ లేదు. అప్పట్లో మూడు పెద్ద కప్పులు, కలకత్తాలో ఐఎఫ్‌ఏ షీల్డ్, ఢిల్లీలో డ్యూరాండ్, బొంబాయిలో రోవర్స్. మూడు ఊళ్లు, రైళ్లలో ప్రయాణాలు, ఒకే ఏడాది మూడూ గెలిస్తే ట్రిపుల్ క్రౌన్ అనేవారు. 1972లో ఈస్ట్ బెంగాల్ (రోవర్స్ మాత్రం మోహన్ బగాన్‌తో పంచుకున్నారు), 1977లో మోహన్ బగాన్, 1990లో మళ్లీ ఈస్ట్ బెంగాల్.

ఈ మూడింట్లోనూ హైదరాబాద్ ఉంది. 1972 జట్టులో మన మహమ్మద్ హబీబ్. 1977లో హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్. 1990లో కోచ్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే. అంతకు ముందు రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చింది, 1950లో డ్యూరాండ్ కూడా.

మీరంతా తెగిపోబోయిన రాత్రుల గురించి చెబుతున్నారు కదా, 1977 మోహన్ బగాన్‌కి ఏడాది సగం అలాగే గడిచింది. మొట్టమొదటి ఫెడరేషన్ కప్ ఫైనల్లో బెంగళూరు ఐటీఐ చేతిలో ఓడారు. కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌కి పోయింది. కోచ్ పీకే బెనర్జీ మీద, ఆటగాళ్ల మీద అభిమానులు మండిపడుతున్నారు. సెప్టెంబర్ 24న పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చింది. వానకి తడిసిన మైదానం. 2-2 డ్రా, మన గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఇంకోటి హబీబ్‌ది. కొద్ది రోజులకే షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ని 1-0తో కొట్టారు, ఆ తర్వాత డ్యూరాండ్, రోవర్స్ రెండూ వచ్చాయి. కలకత్తాలో హబీబ్‌ని బడే మియాఁ అనేవారు. 2023 ఆగస్టు 15న ఇక్కడే, హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. మన పేపర్లలో ఆ వార్తకి ఇంకా పెద్ద చోటు దక్కాల్సింది అని నాకు ఇప్పటికీ బాధ.

బెజవాడ_బ్యాక్‌పాస్

అందరికీ చాలా థ్యాంక్స్, మీరు రాసినవన్నీ రూమ్మేట్‌కి పైకి చదివి వినిపించాను. పెద్దాయన గారూ, హబీబ్ గారి పేరు నేను ఇవాళే మొదటిసారి విన్నాను, ఇన్నాళ్లూ తెలియనందుకు బాధగా ఉంది. కాస్మోస్ మ్యాచ్ ఫుటేజ్ ఏదైనా మిగిలి ఉందా? ఉంటే చెప్పండి. జనవరి 22 సిటీ మ్యాచ్, విల్లా పార్క్ రీప్లే పూర్తిగా ఎక్కడ దొరుకుతాయో కూడా ఎవరైనా పెడితే, ఈ ఆదివారం రెండూ కూర్చుని చూస్తాం.