నానోతీగలు నిటారుగా పెరిగాయి, వెలుగు మాత్రం రావడం లేదు

స్ఫటికం:
బంగారు బిందువులతో గ్యాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకపు నానోతీగలు పెంచుతున్నాను; కొనన ఉన్న బిందువు కిందే తీగ పొడవుగా పెరుగుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్కటీ వాలలేదు, అన్నీ సన్నగా, నిటారుగా ఉన్నాయి. కానీ వాటిని గీకి మరో పలక మీద పరిచి లేజర్ వేస్తే, 870 నానోమీటర్ల దగ్గర రావలసిన వెలుగు దాదాపు శూన్యం. ఎక్కడ వెతకాలి?

వెలుగురేఖ:
ముందు ఉపరితలం చూడండి. వంద నానోమీటర్ల తీగలో పుట్టిన ఎలక్ట్రాన్‌కు ఎటు కదిలినా గోడే తగులుతుంది. తొడుగు లేని గ్యాలియం ఆర్సెనైడ్‌లో ఉపరితల రికాంబినేషన్ వేగం సెకనుకు సుమారు 10 లక్షల సెంటీమీటర్లు. అంటే ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) కలిసి కాంతినిచ్చేలోపే, కొద్ది పికోసెకన్లలో (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు), గోడ దగ్గర వృథా అయిపోతాయి. అల్యూమినియం గ్యాలియం ఆర్సెనైడ్ తొడుగు వేయండి. అల్యూమినియం గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి, దాని మీద పలుచని గ్యాలియం ఆర్సెనైడ్ పొర తప్పనిసరి. మా తీగలు వెలిగింది ఆ తర్వాతే.

స్ఫటికం:
చాలా ఉపయోగపడే మాట అండి. కానీ కొనన బంగారం ఉండగా తొడుగు కూడా పొడవునే పెరగదా?

నిశ్చలధార:
అది ఉష్ణోగ్రతతో తేలే విషయం. 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెరుగుదల ఎక్కువగా బిందువు కిందే జరుగుతుంది. 650 దాటిస్తే పక్క గోడల మీద కూడా పదార్థం చేరుతుంది. మీకు కావలసింది అదే. వేడి పెంచుతున్నంతసేపూ ఆర్సెనిక్‌ను అందించే ఆర్సీన్ వాయువును ఆపకండి. ఆపితే తీగ ఉపరితలం నుంచి ఆర్సెనిక్ లేచిపోతుంది, గోడలు గుంటలు పడతాయి. ఆ గుంటల మీద ఎంత మంచి తొడుగు వేసినా ప్రయోజనం ఉండదు.

సూర్యఫలకం:
బంగారాన్నీ అనుమానించాలి. 1964లో వాగ్నర్, ఎల్లిస్ సిలికాన్ తీగలను ఈ పద్ధతిలోనే పెంచారు. అయితే సిలికాన్‌లోకి చేరిన బంగారం వాహకాలను, అంటే ఎలక్ట్రాన్లు, హోల్‌లను, పట్టేసే లోతైన శక్తి స్థాయిలను సృష్టిస్తుంది. గ్యాలియం ఆర్సెనైడ్‌కు ఆ బెడద వద్దనుకుంటే గ్యాలియం బిందువుతోనే పెంచవచ్చు.

వెలుగురేఖ:
ఇక్కడ నాది వేరే అభిప్రాయం. 2013లో స్వీడన్‌లోని లుండ్ బృందం 13.8 శాతం సామర్థ్యం చూపిన ఇండియం ఫాస్ఫైడ్ తీగల సౌరఘటానికీ బంగారు బిందువులే ఆధారం. తీగలు కప్పింది ఉపరితలంలో సుమారు 12 శాతమే! ఇండియం ఫాస్ఫైడ్ ఉపరితలం స్వతహాగా చాలా మెరుగు కావడం వారికి కలిసివచ్చింది. బంగారం కన్నా ముందు గోడల సంగతి తేల్చుకోవడం మంచిదని నా నమ్మకం.

కొలతలమనిషి:
స్ఫటిక నిర్మాణం కూడా చూడండి. ఒకే తీగలో జింక్‌బ్లెండ్, వుర్ట్జైట్ అనే రెండు రకాల పరమాణు అమరికల పొరలు మారిమారి వస్తే ఎలక్ట్రాన్ ఒక పొరలో, హోల్ పక్క పొరలో చిక్కుకుంటాయి. వెలుగు మసకబారి, తక్కువ శక్తి వైపు జరుగుతుంది. ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అడ్డచారలు కనిపిస్తే అదే కారణం కావచ్చు.

ఇంకొకటి. తొడుగు వేశాక కాంతి తీవ్రత ఒక్కటే పోల్చకండి. తీగ లావైతే లేజర్‌ను పీల్చుకునే తీరు కూడా మారుతుంది. వెలుగు ఎంతసేపటికి తగ్గుతోందో కొలవండి. పికోసెకన్ల నుంచి నానోసెకన్ల దగ్గరకు వచ్చిందంటే గోడలు కుదిరినట్టే.