పనికుక్కల శిక్షణలో ‘ప్లాట్‌ఫారం’: వేదిక అందామా, పీట అందామా?

ప్రశ్న: పనికుక్కల శిక్షణ గురించి తెలుగులో పాఠం రాస్తున్నాను. కుక్కను ఎక్కించి నిలిపే ఎత్తైన చిన్న చెక్కను ‘వేదిక’ అంటే సరిపోతుందా, లేక ‘ప్లాట్‌ఫారం’ అనే ఉంచాలా?

జవాబు: ‘వేదిక’ వద్దని నా గట్టి అభిప్రాయం. ఆ మాట వినగానే సభ, ప్రసంగం, ప్రదర్శన మనసులో మెదులుతాయి. కుక్క ఎక్కే ఈ వస్తువుకు వాటిలో దేనితోనూ సంబంధం లేదు. అది చేసే పని ఏమిటో చూస్తే తగిన మాట తేలికగా దొరుకుతుంది.

చదునైన నేల మీద ‘ఇక్కడే ఉండు’ అని చెబితే, ఆ ‘ఇక్కడ’ ఎక్కడితో ముగుస్తుందో కుక్కకు తెలిసే దారి లేదు. నాలుగైదు అంగుళాల ఎత్తు ఉన్నా చాలు, పాదం అంచు దాటగానే ఆ తేడా దానికి తెలిసిపోతుంది. హ్యాండ్లర్ (కుక్కను నడిపించే మనిషి) కసరవలసిన అవసరం గానీ, పట్టీ లాగవలసిన అవసరం గానీ చాలావరకు తప్పుతుంది. తినుబండారం కూడా కుక్క దాని మీద ఉండగానే అందించాలి, ఎందుకంటే దిగి వచ్చాక ఇస్తే దిగడమే లాభమని అది నేర్చుకుంటుంది. వెడల్పును ఒంటికి సరిపడేంతే ఉంచితే పక్కకు ఒరిగి కూర్చునే వీలుండదు కనుక, హ్యాండ్లర్ ఎదుటా పక్కనా తిన్నగా కూర్చోవడం త్వరగా అలవడుతుంది.

దూరం నుంచి నడిపించడంలో దీని ఉపయోగం మరింత స్పష్టం. వేటలో నేలకూలిన పక్షిని తెచ్చే రిట్రీవర్ కుక్కలకూ, శిథిలాల్లో మనుషులను వెతికే కుక్కలకూ ఇలాంటివి కొన్నింటిని ఎడంగా అమర్చి, చేతి సైగను బట్టి ఎడమకు, కుడికి, వెనక్కి వెళ్లడం నేర్పుతారు. చేరవలసిన చోటు కంటికి కనబడుతుంది, చేరాక కాలికి తెలుస్తుంది. అందువల్ల సైగ అర్థం తొందరగా కుదురుతుంది.

ఇక మాటల సంగతి. అరుగు, తిన్నె కదలని కట్టడాలు. ఇదేమో పాఠాన్ని బట్టి చోటు మారుతూ ఉండాలి. గద్దెలో అధికారపు వాసన ఉంది, మంచె మరీ ఎత్తు, దిమ్మె అంటే బరువైన ముద్ద స్ఫురిస్తుంది. తక్కువ ఎత్తు, చేత్తో ఎత్తి మరోచోట వేయగల తేలిక, ఒక్కరికే సరిపడే కొలత అనే మూడు లక్షణాలూ కలిసిన మాట మనకు ముందే ఉంది: పీట. ‘పీట వేయడం’ అనడంలోనే ఒకరి కోసం ఒక చోటు ఏర్పరచడమనే భావం ఉంది, శిక్షకుడు చేసేదీ అదే. ముందుకాళ్లు మాత్రమే పైన ఉంచి, వెనుకకాళ్లతో చుట్టూ తిరగడం నేర్పే చిన్నదానిని ‘ముంగాళ్ల పీట’ అంటే రెండు పరికరాల తేడా కూడా తెలుస్తుంది.

మరొకరి సందేహం: పీట కూర్చోవడానికి కదా? కుక్క దాని మీద నిలబడుతుంది, పడుకుంటుంది కూడా.

జవాబు: పెళ్లిపీటల మీద కూర్చుంటాం, కత్తిపీట మీద కూరగాయలు తరుగుతాం, ఆ మాట కూర్చోవడానికే పరిమితం కాలేదు. అయినా పాఠంలో మొదటిసారి వాడినప్పుడు ‘శిక్షణ పీట’ అని రాసి, పైభాగం జారకుండా రబ్బరు అతికించాలనీ, కాలు మోపగానే ఊగకూడదనీ, ఎదిగే కుక్కపిల్లల కీళ్ల మీద భారం పడకుండా ఎత్తు బాగా తగ్గించాలనీ అక్కడే చేర్చండి. ఊగే పీట మీద ఒకసారి బెదిరిన కుక్క మళ్లీ ఎక్కడానికి జంకవచ్చు.

ఆజ్ఞల విషయంలో తెలుగు చక్కగా అనుకూలిస్తుంది. ‘ఎక్కు’, ‘దిగు’ రెండూ పొట్టివి, ధ్వనిలో వేరైనవి. విడుదల మాటగా, అంటే ఇక కదలవచ్చని కుక్కకు చెప్పే మాటగా, ‘సరే’ వాడకండి. మనుషులతో మాట్లాడుతూ అలవాటుగా అనేస్తాం, కుక్క దిగిపోతుంది. ‘దిగు’ అనే వరకు పీట మీదే ఉండడం, లేదా పీట మీది నుంచే మరో పనికి పంపే ఆజ్ఞ వినడం, ఈ రెండే దానికి తెలియాలి. అలవాటు స్థిరపడ్డాక పీట ఎత్తును క్రమంగా తగ్గించి, పలుచని పలకగా, ఆపై చాపగా మార్చి, చివరికి తీసేస్తారు. పీట లేని నేల మీద కూడా అదే ‘దిగు’ కొనసాగించవచ్చు. వినే మనిషికి అది వింతగా తోచినా, కుక్కకు ఆ మాట అర్థం ‘ఇక కదలవచ్చు’ అనే.