కంప్యూటర్ మూగబోతే మీరు మొదట ఏం చూసుకుంటారు? – స్క్రీన్ రీడర్ వాడేవారి చర్చ

మూగపెట్టె:
అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా విండోస్‌ను ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెర మీదిది చదివి వినిపించే ప్రోగ్రాముతోనే వాడుతున్నాను. గత వారం జరిగిన ఒక సంగతి చెప్పి, ఇలాంటప్పుడు మీరు ఏ వరుసలో ఆలోచిస్తారో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఒక నివేదికను దిద్దుతూ ఉండగా వాక్యం మధ్యలో మాట ఆగిపోయింది. బాణం కీలు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కి ఎన్‌వీడీఏను మళ్లీ మొదలుపెట్టాను. అది లేచేటప్పుడు వచ్చే చిన్న స్వరం కూడా వినపడలేదు. యంత్రమే బిగుసుకుపోయిందని నిశ్చయించుకుని పవర్ బటన్‌ను పది సెకన్లు అదిమిపట్టి ఆపేశాను. తిరిగి ఆన్ చేసినా అదే మౌనం. సాయంత్రం చూపున్నవారు వచ్చి చూస్తే తెర మీద అంతా సవ్యంగానే ఉంది. నేను పనిలో ఉండగా ఇంట్లోవాళ్లు వెనక నుంచి హెచ్‌డీఎంఐ తీగతో ఒక మానిటర్ తగిలించారట. శబ్దం దానికి మళ్లిపోయింది, దానికేమో స్పీకర్లు లేవు. యంత్రానికి ఏమీ కాలేదు కానీ, భద్రపరచని రెండు పేజీల దిద్దుబాటు మాత్రం పోయింది.

యంత్రం ఆగిందా, లేక మాట మాత్రమే ఆగిందా అన్నది చూపున్నవారు తెర వైపు ఒకసారి చూసి తేల్చుకుంటారు. మనం ఎలా తేల్చుకోవాలి?

రెండోగొంతు:
మూగపెట్టె గారూ, నేను మొదట అనుమానించేది నా వేళ్లనే. ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా అది ఇన్‌సర్ట్) ఎస్ నొక్కితే మాట్లాడే రీతి మారుతుంది, అందులో ఒక రీతి పూర్తి మౌనం. అదే షిఫ్ట్‌తో కలిసి పడితే ఆ ఒక్క ప్రోగ్రాములో ఎన్‌వీడీఏ నిద్రపోతుంది. అప్పుడు వేరే కిటికీకి వెళ్తే మాట్లాడుతుంది, వెనక్కి రాగానే మూగబోతుంది. ఈ తేడా తెలియక నేను ఒక పూట మొత్తం ఒక ప్రోగ్రామును తీసేసి మళ్లీ పెట్టుకుంటూ గడిపాను. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్ వాడేవారికైతే ఇన్‌సర్ట్, స్పేస్ నొక్కి, ఆపైన ఎస్ నొక్కితే ఇలాంటి మౌనమే వస్తుంది.

వేళ్ల తప్పు కాదని తేలితే విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కి, విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ అయిన నేరేటర్‌ను పిలుస్తాను. నేరేటర్ పలికితే శబ్దం బాగానే ఉన్నట్టు, తగువు ఎన్‌వీడీఏలో ఉన్నట్టు. రెండూ పలకకపోతే శబ్దం దారిలోనే ఎక్కడో అడ్డంకి ఉంది. అప్పుడు యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటి గుచ్చుతాను. విండోస్ సాధారణంగా కొత్తగా వచ్చిన శబ్ద పరికరానికి మళ్లుతుంది కాబట్టి, మీకు వచ్చిన ఇబ్బంది అర నిమిషంలో తీరి ఉండేది. ఆ తరువాత విండోస్ 11లో అయితే విండోస్, కంట్రోల్, వి నొక్కి, వచ్చే జాబితాలోంచి అసలు స్పీకర్లను ఎంచుకోవచ్చు.

ఇంకొక ఉపాయం ఉంది. నమ్‌లాక్ కీని అయిదు సెకన్లు అదిమిపట్టి టోగుల్ కీస్‌ను ముందే అమర్చుకుంటే, క్యాప్స్‌లాక్ నొక్కినప్పుడల్లా కూత వస్తుంది. కూత వస్తే యంత్రం బతికే ఉందని అర్థం.

పాతకీబోర్డు:
రెండోగొంతు గారు చెప్పిన వరుసతో ఏకీభవిస్తాను, చివరి ఉపాయంతో మాత్రం కాదు. ఇప్పటి కంప్యూటర్లలో ఆ కూత కూడా అదే శబ్ద మార్గంలో వస్తుంది. కూత వస్తే యంత్రం బతికున్నట్టే, సందేహం లేదు. రాకపోతే మాత్రం ఏమీ తేలదు. మూగపెట్టె గారి విషయంలో ఆ కూత కూడా స్పీకర్లు లేని మానిటర్‌కే పోయి ఉండేది.

డాస్ కాలంలో ఈ చిక్కు లేదు. జాస్ 1989లో డాస్ కోసం వచ్చిన రోజుల్లో మాట పలికేది సీరియల్ పోర్టుకు తగిలించిన విడి పెట్టె. అది బరువుగా ఉండేది, దాని గొంతు ఇనుప రేకును గీకినట్టుండేది, కానీ సౌండ్ కార్డుతో దానికి సంబంధమే లేదు. 2006లో ఎన్‌వీడీఏ మొదలయ్యే నాటికి మనమందరం సౌండ్ కార్డు మీదే ఆధారపడి ఉన్నాం. తెర మీది అక్షరాలను వేళ్లకు తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవారికి ఈ చర్చ సగం అవసరం లేదు. లేనివారి కోసం నేను చేసేది చెబుతాను.

శబ్దంతో పనిలేని పరీక్ష ఒకటి కావాలి. ముందుగా, ఏమీ వినపడకపోయినా సరే, కంట్రోల్ ఎస్ నొక్కుతాను. యంత్రం బతికి ఉంటే పని భద్రమవుతుంది, చచ్చి ఉంటే పోయేదేమీ లేదు. తరువాత విండోస్, ఎక్స్ నొక్కి, యు నొక్కి, ఎస్ నొక్కుతాను. ఇంగ్లిష్ విండోస్‌లో ఇది కంప్యూటర్‌ను నిద్రపుచ్చే వరుస. ఫ్యాన్ ఆగిందంటే విండోస్ నా మాట విన్నట్టే. మళ్లీ లేపి తీరిగ్గా శబ్దం సంగతి చూసుకుంటాను. చివరి ఎస్ బదులు ఇంకొక యు నొక్కితే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. పవర్ బటన్‌ను అదిమిపట్టడం ఇవన్నీ అయ్యాకే.

హెడ్‌సెట్ గుచ్చినా మాట రాకపోతే శబ్ద సేవనే ఆపి మళ్లీ నడపాలి. విండోస్ ఆర్ నొక్కి, సీఎండీ అని టైపు చేసి, ఎంటర్‌ను కంట్రోల్, షిఫ్ట్‌లతో కలిపి నొక్కి, రెండు మూడు సెకన్లు ఆగి, అనుమతి కోసం ఆల్ట్ వై నొక్కాలి. ఆపైన నెట్, ఖాళీ, స్టాప్, ఖాళీ, ఆడియోఎస్ఆర్‌వీ అని ఎంటర్, ఆ తరువాత స్టాప్ స్థానంలో స్టార్ట్ పెట్టి మళ్లీ ఎంటర్. ఇదంతా నిశ్శబ్దంలో చేయాల్సిన పని కాబట్టి, మాట బాగా ఉన్న రోజునే నాలుగైదుసార్లు సాధన చేసి పెట్టుకోవాలి.

లాగ్‌పుస్తకం:
నాకు మౌనం కన్నా సగం మాట ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఏదో తప్పు సందేశం వస్తుంది, స్క్రీన్ రీడర్ దాని శీర్షిక చదివి ఊరుకుంటుంది, కంగారులో ఎంటర్ నొక్కేస్తాం, సందేశం మాయమవుతుంది. తరువాత ఎవరిని సాయం అడిగినా "ఏదో ఎర్రర్ వచ్చిందండీ" అనడం తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే ఆధారాలు పోగుచేయడం అలవాటు చేసుకున్నాను.

విండోస్ మామూలు సందేశ పెట్టె ఏది వచ్చినా, దానిలో ఉండగా కంట్రోల్ సి నొక్కితే శీర్షిక, సందేశం, బటన్ల పేర్లతో సహా మొత్తం పాఠం కాపీ అవుతుంది. నోట్‌ప్యాడ్‌లో అతికించి, ఎర్రర్ సంఖ్యను అక్షరం అక్షరంగా వింటాను. బి, డి, ఈ వంటివి చెవికి ఒకటిగానే తోస్తాయి కనుక, నంపాడ్‌లో రెండు అంకెను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే అక్షరాన్ని ఒక పదంతో కలిపి చెబుతుంది. ప్రోగ్రాము తనంతట తాను మూసుకుపోతే విండోస్ ఆర్‌లో పెర్ఫ్‌మాన్, ఖాళీ, స్లాష్, ఆర్ఈఎల్ అని కొడతాను. ఏ రోజు ఏది కూలిందో, ఏ అప్‌డేట్ ఎప్పుడు చేరిందో అందులో తేదీల వారీగా ఉంటుంది.

ఎన్‌వీడీఏ తానే కూలితే టెంప్ ఫోల్డర్‌లో ఎన్‌వీడీఏ ఓల్డ్ అనే లాగ్ ఫైలు ఉంటుంది, అది అంతకు ముందు నడిచిన సారి తాలూకు చిట్టా. చాలామంది ఎన్‌వీడీఏను రెండోసారి పునఃప్రారంభించి దాన్ని పోగొట్టుకుంటారు. కాబట్టి మొదట కాపీ తీసి, తరువాత మిగతా ప్రయత్నాలు చేయండి. నా అనుభవంలో నేరస్థులు ఎక్కువగా యాడ్‌ఆన్‌లే, అంటే ఎన్‌వీడీఏకు మనం విడిగా చేర్చుకునే అదనపు హంగులే. ఏటా వచ్చే, సంఖ్య చివర చుక్క ఒకటి (.1) ఉండే విడుదలలో పాత యాడ్‌ఆన్‌ల పొంతన తెగుతుంది. ఎన్‌వీడీఏ కీతో క్యూ నొక్కినప్పుడు వచ్చే పెట్టెలో యాడ్‌ఆన్‌లు లేకుండా పునఃప్రారంభించే ఎంపిక ఉంది. అలా నడిపినప్పుడు జబ్బు మాయమైతే ఇక వాటిని ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవడమే.

స్పర్శరేఖ:
మీరందరూ సాఫ్ట్‌వేర్ గురించే చెబుతున్నారు, చేతులకు, చెవులకు తెలిసేది చాలా ఉంది. పాత గుండ్రటి డిస్కు ఉన్న కంప్యూటర్ టిక్కు టిక్కుమని ఒకే తాళంలో కొట్టుకుంటూ, మధ్యలో ఆగి మళ్లీ తిరగడం మొదలుపెడితే, ఆ రోజే ఫైళ్లన్నీ వేరేచోటికి తీసుకోవాలి. ఎస్ఎస్‌డీ అయితే ఆ మేలు కూడా చేయదు, చడీచప్పుడు లేకుండా పోతుంది. బ్యాకప్ తప్పనిసరి అనడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

ల్యాప్‌టాప్ గాలి బయటికి వచ్చే సందు దగ్గర అరచేయి పెట్టడం నాకు వారపు అలవాటు. ఫ్యాన్ గట్టిగా మోగుతున్నా చేతికి తగిలే గాలి పలచగా, వేడిగా ఉందంటే దుమ్ము పట్టినట్టు. డబ్బాలోని గాలితో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను సన్నని పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే ఆ వేగానికి బేరింగు దెబ్బతింటుంది. అడుగు మూత విప్పితే మరలను గడులున్న పళ్లెంలో, విప్పిన వరుసలోనే వేస్తాను. పొడవు మర, పొట్టి మర వేళ్లకు తెలుస్తాయి కానీ, ఏది ఏ రంధ్రానిదో వేళ్లు గుర్తుపెట్టుకోవు.

బ్యాటరీ సంగతి ఊహతో పని లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక వెబ్ పేజీ తయారవుతుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిచి టి కీతో పట్టిక నుంచి పట్టికకు దూకవచ్చు. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా నింపితే పట్టేది, రెండూ అందులో ఉంటాయి. నాది సగానికన్నా తక్కువకు పడిపోయిందని అలాగే తెలిసింది. అంతవరకు ఛార్జర్‌ను తిడుతూ ఉన్నాను.

మూగపెట్టె:
చాలా ఉపయోగపడిందండీ. ఇంకొక్కటి అడుగుతాను. అప్‌డేట్ తరువాత యంత్రం పునఃప్రారంభమయ్యేటప్పుడు ఏ గొంతూ ఉండదు కదా, అది నడుస్తోందో ఆగిందో ఎలా తెలుసుకుంటారు? విండోస్ కన్నా ముందు నడిచే బయాస్ సంగతి కూడా చెప్పండి.

పాతకీబోర్డు:
అప్‌డేట్ మధ్యలో పవర్ తీస్తే చిన్న ఇబ్బంది పెద్దదవుతుంది కాబట్టి, ముందు ఛార్జర్ పెట్టి ఒక గంట దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాను. అప్పటికీ లేవకపోతే ఫోను తీస్తాను. సీయింగ్ ఏఐ అనే యాప్‌లో వెలుగును స్వరంగా వినిపించే విభాగం ఉంది. కెమెరాను తెరకు ఎదురుగా పెడితే తెర వెలిగి ఉందో లేదో తెలుస్తుంది, అదే యాప్‌తో తెర మీది అక్షరాలను కూడా చదివించవచ్చు. కెమెరాను ఎక్కడ పెట్టాలో కుదరనప్పుడు బీ మై ఐస్ ద్వారా చూపున్న వలంటీరును పిలుస్తాను. 2015 నుంచి నడుస్తున్న సేవ అది. అయితే పాస్‌వర్డ్ గానీ రికవరీ కీ గానీ ఉన్న తెరను అపరిచితులకు చూపించను.

బయాస్ మాట్లాడదు, దానికి చేయగలిగింది లేదు. ఫోను సాయంతోనే దాటాలి. కానీ బయాస్ అప్‌డేట్‌కు ముందు ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ మరిచిపోకూడదు. డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే, అప్‌డేట్ తరువాత అది 48 అంకెల రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంది, అదీ మన స్క్రీన్ రీడర్ ఇంకా లేవని తెర మీద. అందుకని బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేసి, కీని ముందుగానే ఫోనులోకి భద్రంగా తీసుకోండి. కీ ఆరేసి అంకెలుగా ఎనిమిది గుంపులు ఉంటుంది. గుంపు గుంపుకూ ఆగి కొడితే తప్పుపోదు.

విండోస్ లోపలికే వెళ్లలేని స్థితి వస్తే పూర్తిగా నిరాశపడనక్కరలేదు. 2017 నాటి విండోస్ 10 నుంచి రికవరీ తెరలోనూ, కొత్తగా విండోస్ ఎక్కించేటప్పుడూ నేరేటర్ పలుకుతుంది. దాన్ని పిలవడానికి అక్కడా విండోస్, కంట్రోల్, ఎంటర్ అనే అదే మీటల కలయిక. అక్కడ సౌండ్ డ్రైవర్ దొరక్క పలకని యంత్రాలున్నాయి. వాటిలోనూ యూఎస్‌బీ హెడ్‌సెట్ నాకు రెండుసార్లు పనిచేసింది.

రెండోగొంతు:
టోగుల్ కీస్ గురించి దిద్దినందుకు పాతకీబోర్డు గారికి కృతజ్ఞతలు. ఇన్నాళ్లూ అందరికీ అదే చెబుతూ వచ్చాను. ఒక చిన్న చేర్పు: పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ ఎన్‌వీడీఏ ఒకటి ఉంచుకోండి, కానీ అది విండోస్ అనుమతి అడిగే భద్రతా తెరను చదవదు. అక్కడ మౌనం వస్తే కంగారు పడవద్దు, ఆల్ట్ వై నొక్కండి.

మూగపెట్టె:
నిన్న రాత్రి కావాలనే స్పీకర్లను మానిటర్ వైపు మళ్లించి సాధన చేశాను. హెడ్‌సెట్ గుచ్చగానే ఎన్‌వీడీఏ పలికింది. శబ్ద సేవను మౌనంలో మళ్లీ నడపడం మొదటిసారి కుదరలేదు, అనుమతి పెట్టె రాకముందే ఆల్ట్ వై కొట్టేశాను. మూడోసారికి అందింది. నిద్రపుచ్చే పరీక్షలో మాత్రం ఒక చిక్కు కనిపించింది. నా ల్యాప్‌టాప్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ అసలు తిరగదు కాబట్టి, అది ఆగిందో లేదో తెలుసుకోవడానికి వీలుండదు. అప్పుడు ఫోనును తెరకు ఎదురుగా పెట్టి వెలుగు స్వరం విన్నాను. విండోస్ ఎక్స్, యు, ఎస్ కొట్టగానే సన్నగా మోగుతున్న స్వరం ఒక్కసారి కిందికి జారింది. ఆ పరీక్షను ఇప్పుడు నా వరుసలో కంట్రోల్ ఎస్ తరువాత చేర్చుకున్నాను. తీగ ఏది తగిలించినా ముందు ఒక మాట చెప్పమని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాను.